వ్యాన్లకు "ముందు బండి కబురు" పరికరం కొంటున్నారా? ఆగండి

కోనసీమలో, పశ్చిమ గోదావరిలో సరుకు బండ్లు తిప్పేవారికి ఈ మాట తప్పక చెప్పాలి. అంబాజీపేట నుంచి పాలకొల్లుకు కొబ్బరికాయలు తోలే నా రెండు వ్యాన్లకు ఈమధ్య ఒక పరికరం బిగించాను. ఒక్కోటి 11,000 రూపాయలు. ఇది ఉన్న బండ్లు రేడియోలో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయని, ముందు బండి బ్రేకు వేస్తే వెనుక బండికి తెలుస్తుందని, దారి ఖాళీ అయితే పచ్చ దీపం వెలుగుతుందని అమ్మినవారు చెప్పారు.

వారం తిరగలేదు. తెల్లవారుజామున దిండి దాటి చించినాడ వంతెన ఎక్కుతుంటే దట్టమైన పొగమంచు. పచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది. దాన్ని నమ్మి డ్రైవరు వేగం తగ్గించలేదు. ఉన్నట్టుండి అద్దం నిండా ఎండుగడ్డి! వెనుక దీపం లేని ట్రాక్టరు అది. వ్యాను పక్కకు తిరిగి రెయిలింగును రాసుకుంటూ ఆగింది. క్లీనరు కుర్రవాడి నుదురు చిట్లింది. ట్రాక్టరుకు ఆ పరికరం లేదు, కనుక కబురూ రాలేదు. కబురు రాకపోతే దారి ఖాళీ అని చూపడం ఎంత ఘోరం!

తర్వాత మా మేనల్లుడు లాప్‌టాప్‌కు చిన్న రేడియో తగిలించి, అసలు లేని లారీ ఒకటి బ్రేకు వేసినట్టు కబురు పంపాడు. పెరట్లో ఆగి ఉన్న వ్యానులో ఎర్ర దీపం వెలిగి, అలారం మోగింది. ఆ కబురు ఎక్కడిదని పరికరం చూడనే లేదు. రహదారి మీద ఇలా జరిగి మనవాడు బ్రేకు తొక్కితే, వెనుక వచ్చే చేపల లారీ ఆగగలదా?

బండ్ల మధ్య కబుర్ల భద్రతకు ఐట్రిపుల్‌ఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ పెట్టిన 1609.2 ప్రమాణం ప్రకారం ఇలాంటి కబురుకు డిజిటల్ సంతకం ఉంటుంది. ఎవరూ బండిని వెంటాడకుండా ఆ సంతకపు ధ్రువపత్రాలు మారుతుంటాయి, అబద్ధాలు పంపే పరికరం పత్రాన్ని రద్దు చేసే ఏర్పాటూ ఉంటుంది. అయినా, అనుమతి ఉన్న పరికరమే పంపిందని మాత్రమే సంతకం చెబుతుంది. పాడైన సెన్సరు ఉన్న బండి సంతకం పెట్టే తప్పు చెప్పగలదు. అందుకే వచ్చిన కబురును సొంత కెమెరాతోనో, రాడార్‌తోనో పోల్చి చూడాలి.

దుకాణంలో ఇదే అడిగితే, "సంతకం ఏమిటండీ, ఇదేమైనా బ్యాంకా?" అన్నారు. డబ్బు తిరిగి ఇవ్వలేదు. కొనేవారు ఆ సంతకపు ధ్రువపత్రాలు ఎవరు జారీ చేస్తారో, ఎలా రద్దు చేస్తారో రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే బిగించుకున్నవారు రేపు తెల్లవారుజామున బండి తీసే లోపే ఆ పచ్చ దీపం వైరు ఊడదీయండి.