పెద్దావిడే హీరో అయితే: పగ కథ మేలా, ఆరా కథ మేలా?

పెద్ద వయసు ఆడమనిషిని హీరోగా పెట్టి సస్పెన్స్ థ్రిల్లర్ రాయాలనుకునేవాళ్ళ ముందు రెండు దారులుంటాయి. ఒకటి పగ. బిడ్డకు అన్యాయం జరుగుతుంది, కోర్టులో న్యాయం దొరకదు, తల్లి కొంగు బిగిస్తుంది. రెండోది ఆరా. ఊళ్ళో ఒక చావు జరుగుతుంది, అందరూ సరేలే అనుకుంటారు, ఆవిడ ఒక్కతే వదిలిపెట్టదు. మా నెల్లూరు వైపు కథ నడపాలంటే నేను రెండోదే రాయమంటాను.

పగ కథకు బలం లేదని కాదు. 2017లో వచ్చిన హిందీ సినిమా 'మామ్'లో శ్రీదేవిని చూసినవాళ్ళకు ఆ బలం తెలుసు. అది ఆమెకు 300వ సినిమా. ఆమె పోయాక 2018లో ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది ఆ పాత్రకే. తల్లి కోపాన్ని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు, చూసేవాళ్ళకు వెంటనే అంటుకుంటుంది. కానీ ఇలాంటి కథల్లో దోషి ఎవరో చాలాసార్లు మొదట్లోనే తెలిసిపోతుంది. ఎలా చంపుతుంది, దొరికిపోతుందా అన్నదొక్కటే మిగులుతుంది. పైగా అరవై దాటిన మనిషి నలుగురు మగవాళ్ళను మట్టి కరిపించిందని నమ్మించడానికే సగం కథ ఖర్చవుతుంది. అక్కడ వయసు ఆవిడకు అడ్డం.

ఆరా కథలో ఆ వయసే కలిసొస్తుంది. ఇంగ్లీషు రచయిత్రి అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ అనే ముసలావిడను 1927లో ఒక చిన్నకథలో పరిచయం చేసి, 1930 నుంచి 12 నవలల్లో నడిపించింది. ఆవిడ దగ్గర తుపాకీ లేదు, పోలీసు హోదా లేదు. పల్లెలో మనుషుల బుద్ధులు చూసి చూసి, కొత్త మనిషిలో పాత మనిషి పోలిక పట్టేస్తుంది. అరుగు మీద కూర్చున్న మన అవ్వలు రోజూ చేసే పని అదే కదా!

ఇక ఊరి సంగతి. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువులున్న ఊరైతే ఈ కథకు అతికినట్టు సరిపోతుంది. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అది తగ్గుతూ వచ్చి తెల్లవారుజాముకు మరీ పడిపోతుంది. అప్పుడు నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే కొన్ని గంటల్లోనే పంటంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇంతకంటే టెన్షన్ ఏం కావాలి? రాత్రి మూడింటికి ఏరియేటర్ల చప్పుడు ఆగిపోయి అవ్వకు మెలకువ వస్తుంది. పక్క చెరువులో తిరుగుతూనే ఉన్నాయి. అంటే కరెంటు పోలేదు, ఎవరో ఆపారు. మోకాళ్ళ నొప్పులతో గట్టు దిగడానికి ఆవిడకు పట్టే సమయం కూడా సస్పెన్సే. గుడిసెలో కాపలావాడు లేడు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే మేత వేసింది వేసినట్టే ఉంది.

తెల్లారాక ఎస్సై వస్తాడు. "తాగి కాలవలో పడ్డాడు పెద్దమ్మా."

"అంత తాగినోడు రాత్రి పదింటి మేత లెక్క వంకర పోకుండా ఎట్టా రాశాడబ్బయా?"

ఈ ప్రశ్న వేయాలంటే ఆవిడ ఆ మేత పుస్తకం ఏళ్ళ తరబడి చూసి ఉండాలి. వయసు ఇచ్చే బలం అదే.

పక్కనే ప్రకాశం జిల్లాలో ఉన్న చీమకుర్తి గ్రానైట్ క్వారీలు తెర మీద ఇంకా భయంగా ఉంటాయి. లోతైన గుంతలు, పేలుళ్ళు, రంగుతో నంబర్లు వేసిన పెద్ద పెద్ద దిమ్మెలు. కానీ క్వారీ గేటు దగ్గరే అవ్వను ఆపేస్తారు. చెరువు గట్టు మీద ఆవిడను ఆపేవాళ్ళు లేరు, పట్టించుకునేవాళ్ళూ లేరు. నాకు కావలసింది ఆ పట్టించుకోకపోవడమే.

ముసలామె మాట ఎవరు వింటారని అడుగుతారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ ముందు నిలబడితే మిగతా ఆడవాళ్ళు కదిలారు. సారా మీద ఆ పోరాటం జిల్లా అంతా పాకింది, 1992లో వేలం పాటలు అడ్డుకునేదాకా వెళ్ళింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. అందుకే క్లైమాక్స్‌లో అవ్వను ఒంటరిగా నిలబెట్టకూడదు. రొయ్యల షెడ్డులో తలలు తీసే ఆడవాళ్ళలో ఒకామె ఆ రాత్రి లారీ చూసి ఉంటుంది, ఒకామెకు కౌంట్‌లో, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కలో, తేడా తెలిసి ఉంటుంది, ఇంకొకామె ఎవరి గొంతో విని ఉంటుంది. ముక్కలన్నీ అవ్వ ముందుకొచ్చినప్పుడే దోషి బయటపడాలి. మగ హీరో కథకు చీర కట్టినంత మాత్రాన ఇది రాదు.

పగ కథే రాస్తానని పట్టుబట్టేవాళ్ళు చీమకుర్తికే వెళ్ళండి. కాకపోతే ఎవరి మీద పగ తీర్చుకోవాలో ఆ తల్లికి కూడా ఇంటర్వెల్ దాకా తెలియనివ్వకండి.