సంక్రాంతి సినిమాలు మూడు: ఇంటిల్లిపాదికీ ఏది మేలు?

2025 కనుమ రోజు భోజనాలయ్యాక మా ఇంట్లో ఒకటే చర్చ. పలమనేరు నుంచి అక్కా బావా పిల్లలతో వచ్చారు. "మూడూ చూసేసినావు గదా, దేనికి పోదామో నువ్వే చెప్పు" అన్నాడు బావ. ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

'గేమ్ ఛేంజర్' జనవరి 10న వచ్చినా మొదటి రోజు వెళ్ళలేదు. 8వ తేదీ రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. మా తిరుపతిలోనే అంత ఘోరం జరిగితే సినిమా మీదికి మనసు ఎలా పోతుంది? మరుసటి రోజు వెళ్ళాను. ఫ్లాష్‌బ్యాక్‌లో రామ్‌చరణ్ వేసిన అప్పన్న పాత్ర చూశాక, ఇంకా ముందే ఎందుకు రాలేదా అనిపించింది. మంచి మాట చెప్పాలని ఉన్నా నత్తి వల్ల గొంతు పెగలని మనిషి. ఆయన తడబడుతుంటే అంతదాకా ఈలలేసిన హాలు మూగబోయింది. పక్కన అంజలి కూడా ఎంత బాగా చేసిందో! కానీ ఆ ఫ్లాష్‌బ్యాక్ దాటితే రామ్‌చరణే వేసిన కలెక్టరు ఒక ఎత్తు, విలన్ ఎస్.జె.సూర్య ఒక పైఎత్తు, మళ్ళీ అదే. ఈ కలెక్టరు ఏ సమస్యనైనా నిమిషాల్లో తేల్చేస్తాడు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పట్టుకుని నిలబడినవాళ్ళకు అది నమ్మబుద్ధి కాదు. కాలేజీ ప్రేమకథ సాగదీత. 'నానా హైరానా' పాట మొదట్లో ప్రింట్లలోనే లేదు, తర్వాత కలిపారు.

12న వచ్చిన 'డాకు మహారాజ్' తీరే వేరు. దర్శకుడు బాబీ బాలకృష్ణను అరిపించకుండా, తక్కువ మాటలతో నిలబెట్టాడు. విజయ్ కార్తీక్ కన్నన్ కెమెరా, తమన్ నేపథ్య సంగీతం కలిసి ఇంటర్వెల్ ముందు ఒళ్ళు జలదరించేలా చేశాయి. పెద్ద తెర మీద చూడాల్సిన సినిమా ఈ మూడింటిలో ఇదే. చంబల్ లోయలో సాగే ఫ్లాష్‌బ్యాక్ అయిపోయాక మాత్రం విలన్ బాబీ డియోల్‌తో చివరి పోరు ఎలా ముగుస్తుందో ముందే తెలిసిపోతుంది. ఊర్వశి రౌతేలా పాటలో స్టెప్పులు అమ్మ పక్కన కూర్చుని చూడలేం.

నాకు ఇంకో బాధ కూడా ఉంది. కథ మొదలయ్యేది 1996 నాటి మదనపల్లెలో. అప్పుడది మన చిత్తూరు జిల్లానే. మదనపల్లె అంటే టమోటా మార్కెట్టు, లారీల వరస, పక్కనే హార్స్‌లీ హిల్స్. తెర మీద ఆ పేరు తప్ప ఆ ఊరు లేదు. "ఏందప్పా, ఎట్ల ఉండావు" అనే మాట ఒక్కటైనా నా చెవిన పడలేదు. ఊరి పేరు వాడుకున్నప్పుడు ఆ ఊరి మాట కూడా ఉండాలి కదా.

ఆ పని చేసింది దర్శకుడు అనిల్ రావిపూడి. 14న వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం'లో ఐశ్వర్యా రాజేశ్ భాగ్యం పాత్రను గోదావరి జిల్లాల మాటతో, ఆ ఎత్తిపొడుపులతో నింపేసింది. అది మన యాస కాదు. అయినా అలాంటి ఇల్లాలు మన వీధిలోనూ ఉంటుంది. భార్యకూ పాత ప్రేయసికీ మధ్య ఇరుక్కున్న వెంకటేశ్ మొహం చూసి అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. పాటలో రమణ గోగుల గొంతు ఇన్నేళ్ళ తర్వాత విన్నందుకు అక్కకు పట్టరాని సంతోషం. లోపాలు లేకపోలేదు. కిడ్నాప్ కథలో పట్టు లేదు, లాజిక్ వెతికితే దొరకదు. భాగ్యం కొడుకు బుల్లిరాజు తిట్లకు హాలంతా నవ్వినా, ఇంటికొచ్చాక పిల్లలు అవే అంటుంటే అక్కకు టెన్షన్.

ఈ సినిమా, 'గేమ్ ఛేంజర్' రెండూ దిల్ రాజు సంస్థ నుంచి వచ్చినవే. 'గేమ్ ఛేంజర్' 2021లో మొదలైంది, ఇది 72 రోజుల్లో షూటింగ్ ముగించుకుంది. సింగిల్ స్క్రీన్‌లో టికెట్టు మీద అదనంగా పెంచుకోవడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పుడు అనుమతించింది 'గేమ్ ఛేంజర్'కు 135, డాకుకు 110, ఈ సినిమాకు 100 రూపాయలు. ఆరుగురు వెళ్ళే ఇంటికి ఆ తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

అందుకే అమ్మకూ పిల్లలకూ వెంకటేశ్ సినిమానే మేలన్నాను, సాయంత్రం అందరం కలిసి వెళ్ళొచ్చాం. అప్పన్న కోసం 'గేమ్ ఛేంజర్' ఒకసారి చూడొచ్చు, పండగ రద్దీ తగ్గాక వెళ్ళినా నష్టం లేదన్నాను. బావ మాత్రం బాలయ్య అభిమాని. ఆ రాత్రే సెకండ్ షోకు 'డాకు మహారాజ్'కు బయల్దేరాడు. ఆ ఇంటర్వెల్ మళ్ళీ చూడాలని నేనూ బండెక్కాను.