అల్లికుళం పాత పుస్తకాల కొట్టు: టౌన్ ప్లానింగ్ చదివేవాళ్లు తప్పక వెళ్లండి

చెన్నై సెంట్రల్ దగ్గర అల్లికుళం కాంప్లెక్స్‌లో ఉన్న ఒక పాత పుస్తకాల కొట్టు ఇది. లోపల గాలి ఆడదు, దుమ్ముకి తుమ్ములొస్తాయి, అయినా ఈ ఏడాది నాలుగుసార్లు వెళ్లాను. ఎక్కువగా ఇంజనీరింగ్, మెడిసిన్ పుస్తకాలే. నాది టౌన్ ప్లానింగ్ అనగానే పెద్దాయన వెనక కట్టలన్నీ విప్పి అమెరికాలోని డెట్రాయిట్ నగరం మీద ఒక పుస్తకం తీశారు. 180 రూపాయలు.

"ఏముందమ్మా ఇందులో?" అని తెలుగులోనే అడిగారు, వాళ్లది నెల్లూరు వైపు. 1950లో 18 లక్షలకు పైగా జనం ఉన్న ఊరు, కార్ల ఫ్యాక్టరీలు తరలిపోయి, డబ్బున్నవాళ్లు శివార్లకు వెళ్లిపోయి 2020 నాటికి ఆరు లక్షల చిల్లరకు వచ్చిందని, 2013లో ఊరి పాలకసంస్థే దివాలా పిటిషన్ వేసిందని, 1988లో మూతపడిన పెద్ద రైల్వే స్టేషన్‌ని ఫోర్డ్ కంపెనీ కొని బాగుచేసి 2024లో తెరిచిందని చెప్పాను. అంతా విని, "మరి ఆ ఊళ్లో చిన్న కొట్లవాళ్లు ఏమయ్యారు?" అన్నారు. నాకు తెలియలేదు, చాలా సిగ్గేసింది.

వాళ్ల నాన్నగారి కొట్టు మూర్ మార్కెట్‌లో ఉండేదట. 1900లో తెరిచిన ఆ మార్కెట్ 1985లో కాలిపోయింది, ఇప్పుడక్కడ సబర్బన్ రైళ్ల టెర్మినల్ ఉంది. అప్పట్లో రైలు దిగినవాళ్లు అలా నడుస్తూ కొట్లోకి వచ్చేసేవాళ్లు, ఇక్కడికి పనిగట్టుకుని రావాల్సిందే. మార్కెట్ పోయాక ఇక్కడ చోటు ఇచ్చారు గానీ బేరం వెంట రాలేదమ్మా అన్నారు.

కాలేజీలో చేరినప్పుడు ఐటీ కారిడార్‌లో టవర్లకు ప్లాన్లు గీయాలనుకున్నాను. ఆ రోజు తర్వాత థీసిస్ మార్చేశాను: మార్కెట్‌ని తరలిస్తే గిరాకీ ఎలా పోతుంది, ఎలా నిలబెట్టాలి అన్నదే ఇప్పుడు నా పని. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారుల వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీల్లో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, చదువయ్యాక అలాంటి కమిటీలతో పనిచేయాలని ఉంది. జీతం ఎంతొస్తుందో అని అమ్మకి టెన్షన్, నాకు మాత్రం ఇందులో సందేహం లేదు.

కొనేముందు పేజీలన్నీ తిరగేసుకోండి. ఒకసారి నా పుస్తకంలో మధ్య పేజీలు లేవు, తీసుకెళితే మారుమాట లేకుండా వేరేది ఇచ్చారు. కాస్త బేరమాడొచ్చు, నేనైతే ఆడను.

డెట్రాయిట్ పుస్తకం ఇంకా వంద పేజీలు మిగిలి ఉంది. అది అయ్యాక ఆయనడిగినదానికి జవాబు తీసుకొస్తానని చెప్పి వచ్చాను.