కాంపోజిట్ ప్యాటర్న్: యాడ్ మెథడ్ పైనా, కిందా?

విడి వస్తువునీ (ఆకు), వస్తువుల్ని మోసే గుంపునీ (కొమ్మ) ఒకేలా వాడుకునేలా చెట్టుగా అమర్చే డిజైన్ పద్ధతి కాంపోజిట్. ఇందులో అసలు పేచీ ఒక్కటే: పిల్లల్ని చేర్చే యాడ్, తీసే రిమూవ్ మెథడ్లు రెండింటికీ ఉమ్మడిగా పైనున్న కాంపొనెంట్‌లో పెట్టాలా, పిల్లల్ని మోసే క్లాసులోనా?

పైన పెడితే ఆకుకీ కొమ్మకీ కోడ్ ఒకటే. వెబ్ పేజీని నోడ్ల చెట్టుగా చూపే బ్రౌజర్ డామ్‌ది ఈ దారి. పిల్లని చేర్చే అపెండ్‌చైల్డ్ ప్రతి నోడ్‌కీ ఉంటుంది. పిల్లలుండని టెక్స్ట్ నోడ్ మీద పిలిస్తే మాత్రం హయరార్కీ రిక్వెస్ట్ ఎర్రర్ పడుతుంది, అదీ రన్ అయ్యేటప్పుడు. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ కూడా నోరు మెదపదు.

కింద పెట్టే దారి జావాలో విండోలు, బటన్లు చేసే ఏడబ్ల్యూటీ లైబ్రరీది. అందులో పిల్లల్ని చేర్చే యాడ్ కంటైనర్ క్లాసుకే ఉంది. బటన్‌లో లేబుల్ పెట్టబోతే కంపైల్ కాదు. (దానిపై కట్టిన స్వింగ్ లైబ్రరీలో జేబటన్ కూడా కంటైనర్ వారసుడే, ఆ రక్షణ అక్కడ పోయింది.) చెట్టు కట్టేది ఒకచోట, అందులో తిరిగేది వందచోట్ల అయితే ఈ రెండో దారే మేలు.

ఏది ఎంచుకున్నా, చేర్చబోయేది తానేనా, తన పై నోడ్లలో (పూర్వీకుల్లో) ఒకటా అని యాడ్‌లో తనిఖీ చేయండి. ఫోల్డర్ తనలోనే చేరితే సైజు లెక్క స్టాక్ ఓవర్‌ఫ్లోతో ఆగుతుంది.