కొలరాడోలో వేట సామాన్ల షాపు రివ్యూ: లైసెన్స్ కౌంటర్‌కి 5 స్టార్లు, మిగతా షాపుకి 3 ఇస్తే ఎక్కువ

షాపు పేరు రాయట్లేదండి, తిట్టేది కూడా ఉంది కాబట్టి. డెన్వర్ నుంచి ఐ-70 హైవే పట్టుకుని పడమటికి కొండలెక్కుతుంటే వచ్చే ఒక చిన్న ఊళ్ళో ఉంది. బయట చెక్క బోర్డు, గుమ్మం మీద ఎల్క్ (ఇక్కడి పెద్ద జింక) కొమ్ములు, లోపలికెళ్తే తోలు వాసన, గన్ ఆయిల్ వాసన, కాఫీ వాసన కలిసి కొడతాయి. ముందు సగం బట్టలు, బూట్లు, కత్తులు. వెనక మూలన తుపాకులు, వాటి పక్కన చిన్న లైసెన్స్ కౌంటర్. ఆ కౌంటర్లో అరవై దాటిన ఒకావిడ కూర్చుంటారు, నేను ఆంటీ అనే అంటా. ఈ రివ్యూలో సగం ఆవిడ గురించే.

నేను ఖమ్మం వాడిని, ఊళ్ళో ఎవడైనా కుందేల్ని పట్టుకొస్తే ఫారెస్టోళ్ళు వస్తారని దాక్కుని వండుకునేవాళ్ళు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట అంటే కేసే కదా. అలాంటిది ఇక్కడ ఆఫీసులో పక్క సీటోడు అక్టోబర్ రాగానే లీవ్ పెట్టి ఎల్క్ వేటకి పోతా అని గర్వంగా చెప్తుంటే రెండేళ్ళు నోరు తెరుచుకుని విన్నా, మూడో ఏడు నాక్కూడా పురుగు కుట్టింది. కొలరాడోలో 2 లక్షల 80 వేలకి పైనే ఎల్క్ ఉన్నాయి, ఇంకెక్కడా ఇన్ని లేవు, అయినా సరే ఎవడు పడితే వాడు ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళి కాల్చడానికి లేదు. ఏ జంతువు, మగదా ఆడదా, ఏ యూనిట్ (అంటే ఏ ఏరియా), ఏ సీజన్, దేనితో కొడతావు, అన్నీ కాగితం మీద ముందే తేలిపోవాలి.

మొదటిసారి వెళ్ళినప్పుడు పెద్ద హీరోలా కౌంటర్ దగ్గరికెళ్ళి ఎల్క్ లైసెన్స్ కావాలి అన్నా. ఆంటీ కళ్ళజోడు పైనుంచి చూసి హంటర్ ఎడ్యుకేషన్ (వేట పాఠాల కోర్సు) కార్డ్ ఏది అన్నారు. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ప్రతివాడికీ ఆ కోర్సు పాసైన సర్టిఫికెట్ ఉండాలట. లేదన్నా. అయితే ముందు అది చేసుకుని రా నాయనా అన్నట్టు (ఆవిడన్నది "హనీ", నాకు అలాగే వినపడింది) ఒక బ్రోచర్ చేతిలో పెట్టి పంపించేశారు. ఒక్క డాలర్ సరుకు కూడా అమ్మలేదు ఆ రోజు నాకు. ఆ బ్రోచర్ స్టేట్ వాళ్ళది, ఫ్రీ, కానీ దాన్ని చదవడం అంటే మన రైల్వే టైంటేబుల్ చదవడం లాంటిదే, యూనిట్ నంబర్లు, హంట్ కోడ్లు, కింద చుక్కల నోట్లు, మొదటి రోజు నాకు తల తిరిగింది.

ఇక్కడ మనవాళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసా మీద ఉన్నోళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం మామూలుగా నిషేధం, అదే చట్టంలో ఒక మినహాయింపు ఏంటంటే అమెరికాలో ఇచ్చిన వేట లైసెన్స్ చేతిలో ఉన్నోళ్ళకి వర్తించదు. అంటే లైసెన్స్ ముందు, తుపాకీ తర్వాత, వరస మారితే వీసాకే ముప్పు. సరదాగా ఫ్రెండ్ తుపాకీతో షూటింగ్ రేంజ్‌కి పోదాం అనుకునే కుర్రాళ్ళు కూడా ఇది గుర్తు పెట్టుకోండి, డౌటుంటే ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి, నన్ను కాదు. గ్రీన్ కార్డ్ ఉన్నోళ్ళకి ఈ గొడవ లేదు.

కోర్సు పాసై మళ్ళీ వెళ్ళేసరికి అసలు డ్రా, అంటే లైసెన్సుల లాటరీ, అయిపోయింది. ఏప్రిల్ మొదటి మంగళవారం రాత్రి 8 గంటలకి అప్లికేషన్ క్లోజ్, నేనేమో అర్ధరాత్రి దాకా టైముంది కదా అని బిర్యానీ తిని తాపీగా 10 కి లాగిన్ అయ్యా. తప్పు నాదే. ఆంటీ నవ్వి ఆగస్టు మొదటి మంగళవారం పొద్దున్నే రా, మిగిలిన లైసెన్సులు 9 కి అమ్మకానికి పెడతారు, ఆడ ఎల్క్‌వి దొరుకుతాయి అన్నారు. వెళ్ళా. లైన్లో 20 మంది, అందరి చేతుల్లో యూనిట్ నంబర్లు రాసుకున్న చీటీలు, అచ్చం తత్కాల్ టికెట్ లైనే. నా చీటీలో మొదటి రెండూ పోయాయి, మూడోది దొరికింది, అక్టోబర్ చివర్లో వచ్చే రెండో రైఫిల్ సీజన్‌కి ఆడ ఎల్క్ ట్యాగ్, అంటే ఆ లైసెన్సే. స్టేట్‌లో వరసగా 6 నెలలు ఉంటే రెసిడెంట్ రేటు, వంద డాలర్ల లోపే, దానికి తోడు హ్యాబిటాట్ స్టాంప్ అని జంతువుల ఆవాసాల కోసం కట్టే ఫీజు. బయటి స్టేట్ నుంచి వచ్చినోళ్ళకి మగ ఎల్క్ లైసెన్స్ ఏడు వందల డాలర్లు దాటుద్ది, నా వెనక టెక్సస్ నుంచి వచ్చినాయన బిల్లు చూసి నాకే జాలేసింది.

ప్రింటయిన కాగితం చేతికివ్వగానే నేను అలవాటులో కింద ఉన్న ట్యాగ్ ముక్కని (కొట్టిన జంతువుకి కట్టేది) ఆర్టీసీ టికెట్ చింపినట్టు విడదీయబోయా. ఆంటీ చటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. ఆ ముక్క జంతువుని కొట్టాకే విడదీయాలి, సంతకం, తేదీ అప్పుడే వెయ్యాలి, ముందే చింపితే ట్యాగ్ చెల్లదు. అక్కడే ఒక జిప్ కవర్ తీసి లైసెన్స్ అందులో పెట్టి, ఒక పెన్ను, రెండు ప్లాస్టిక్ టైలు కూడా వేసి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. వెనక లైన్ ఆగిపోయినా పట్టించుకోకుండా పది నిమిషాలు చెప్పారు. మాంసంతో పాటు ఆడదో మగదో తెలిసే భాగం సహజంగా అంటుకునే ఉండాలి, తినే మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం నేరం, నా ట్యాగ్ మీద ఫ్రెండ్ కాల్చకూడదు, బండిలో ఉన్నప్పుడు రైఫిల్ చాంబర్లో తూటా ఉండకూడదు, సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే టైము. మా రూమ్మేట్ గాడు అప్పటికే డ్రోన్ చార్జింగ్ పెట్టాడు ఎల్క్‌ని పైనుంచి వెతుకుదామని, అది కూడా నిషేధమే అన్నారు. సాఫ్ట్‌వేర్ బుర్రలన్నీ ముందు డ్రోన్ దగ్గరికే పోతాయేమో. ఇంకోటి, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింక జాతికొచ్చే మెదడు జబ్బు ఉంది, దాన్ని మొదట చూసింది ఇక్కడే, ఫోర్ట్ కాలిన్స్‌లో 1967లో. మీ యూనిట్‌లో టెస్ట్ తప్పనిసరైతే తల తీసుకెళ్ళి ఎక్కడివ్వాలో కూడా మ్యాప్ మీద గీసిచ్చారు.

ఇప్పుడు తిట్లు. ముందు సగంలో బట్టల దగ్గర ఒక కుర్రాడుంటాడు, కమీషన్ మీద పని చేస్తాడో ఏమో, వదలడు. రైఫిల్ సీజన్‌లో నడుం పైన కనీసం 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ కనపడాలి, తలకి కూడా అదే రంగు టోపీ, 2016 నుంచి పింక్ కూడా ఒప్పుకుంటున్నారు. వాడు నాకేం అంటగట్టాడయ్యా అంటే మధ్యలో ఆకుల డిజైన్ ఉన్న ఆరెంజ్ వెస్ట్, 60 డాలర్లు, "అందరూ ఇదే కొంటారు" అని. ఇంటికొచ్చి వేసుకుంటే మా ఆవిడ ఆంజనేయస్వామి మాల వేసుకున్నావా అని ఒకటే నవ్వు. మళ్ళీ షాపుకెళ్ళినప్పుడు ఆంటీ చూసి, ఇలా ఆకుల డిజైన్ (కామో) ఉన్న ఆరెంజ్ ఈ స్టేట్‌లో లెక్కలోకి రాదు, ప్లెయిన్‌ది ఉండాలి, ఆఫీసర్ చూస్తే ఫైన్ అని చెప్పారు. తిరిగిద్దామంటే ధర చీటీ పీకేశావు కాబట్టి డబ్బులు వాపస్ లేవన్నాడు ఆ కుర్రాడు. అదే షాపు, అదే కప్పు కింద ఒకరు రూల్ చెప్తుంటే ఇంకొకడు రూల్‌కి పనికిరానిది అమ్ముతున్నాడు! ఆంటీ మేనేజర్‌తో మాట్లాడితే సగం క్రెడిట్ ఇచ్చారు, దాంతో 15 డాలర్ల ప్లెయిన్ వెస్ట్, ఒక టోపీ కొన్నా.

తుపాకుల సెక్షన్ ఓకే. ధరలు పెద్ద షాపులకంటే కొంచెం ఎక్కువ, కానీ తొందరపెట్టరు. ఎల్క్‌కి 6 మిల్లీమీటర్ల కంటే సన్న క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు) కుదరదు, బుల్లెట్ బరువు కనీసం 85 గ్రెయిన్లుండాలి, అవి నీట్‌గా చెప్పారు. 2023 అక్టోబర్ నుంచి తుపాకీ కొంటే 3 రోజులు ఆగాలి కాబట్టి రెండుసార్లు డ్రైవ్ చెయ్యాల్సి వస్తుంది, అది షాపు తప్పు కాదులెండి, లెక్క వేసుకుని వెళ్ళండి.

వేట ఎలా జరిగిందంటారా, ఎల్క్ ఏం పడలేదు. మోకాలి లోతు మంచులో నాలుగు రోజులు తిరిగా. మూడో రోజు తెల్లారుతుండగా ఒక మంద కనపడింది, ముప్పై దాకా ఉంటాయి, ముక్కుల్లోంచి ఆవిరి కూడా కనపడుతోంది, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, ఫోన్లో మ్యాప్ తీస్తే అవి ఉన్నది ప్రైవేట్ ల్యాండ్. బోర్డు లేదు, కంచె కూడా సగం పడిపోయింది, అయినా ఇక్కడ బోర్డు పెట్టాల్సిన పని ఓనర్‌ది కాదు, తెలుసుకోవాల్సింది మనమే అని ఆంటీ ముందే చెప్పి ఉన్నారు. కూర్చుని చూశా, అవి మేస్తూ మేస్తూ అటే వెళ్ళిపోయాయి. అప్పటికి మడమల మీద బొబ్బలు చితికి సాక్సులు రక్తం, ఆ కుర్రాడే "బ్రేక్-ఇన్ (ముందు కొన్నాళ్ళు వేసుకుని అలవాటు చేసుకోవడం) అక్కర్లేదు, వేసుకుని వెళ్ళిపోవడమే" అని అమ్మిన 240 డాలర్ల బూట్లు.

పార్కింగ్ వెనకాల ఉంది, మట్టి నేల, మంచు పడ్డాక చిన్న కార్లు ఇరుక్కుంటాయి. శనివారం వెళ్ళకండి, ఆంటీ మంగళవారం నుంచి శుక్రవారం దాకే ఉంటారు. లైసెన్స్‌కి, తూటాలకి, ప్రశ్నలకి ధైర్యంగా వెళ్ళండి. బూట్లు మాత్రం ఇంకెక్కడైనా కొనుక్కోండి.