సోమవారం తెరిచే ఉన్న బొగ్గుగని

కలకత్తాలో కారు ఏజెంట్లు యాత్రికుల చేతిలో పెట్టే పట్టికలో కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా మెమోరియల్, హౌరా వంతెన తప్పకుండా ఉంటాయి. సైన్స్ సిటీ పేరు అప్పుడప్పుడూ కనిపిస్తుంది. గురుసదయ్ రోడ్డులోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం పేరు మాత్రం అరుదుగా తప్ప కనిపించదు. చదువుకునే పిల్లలతో ఆ నగరానికి వెళ్లినవారు అన్నిటికన్నా ముందు చూడవలసింది అదేనని నా అభిప్రాయం. అది మాకు దక్కకుండా చేయడానికి ఒక పెద్దమనిషి పడిన శ్రమ ఇంత వివరంగా రాయడానికి ఒక కారణమైతే, చివరికి అక్కడ మాకు దొరికిన ఆనందం రెండో కారణం.

మేము నలుగురం వెళ్లాము: నేను, నా భార్య, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, కొత్తగూడెంలో సింగరేణి బొగ్గుగనుల్లో ఓవర్‌మ్యాన్‌గా, అంటే గని లోపలి పనులను పర్యవేక్షించే ఉద్యోగిగా చేసి పదవీ విరమణ పొందిన మా బావగారు. మోకాళ్ల నొప్పుల వల్ల అక్క రాలేకపోయింది. రాజమహేంద్రవరంలో కోరమాండల్ ఎక్కి శాలిమార్‌లో దిగేవరకు ప్రయాణం సుఖంగా సాగింది. స్టేషన్ నుంచి బాలీగంజ్ వైపున్న లాడ్జికి పసుపు టాక్సీకి 650 రూపాయలు అయ్యాయి. ఎక్కేముందు బేరం కుదుర్చుకోకపోతే ఇంకా ఎక్కువే అడుగుతారు. లాడ్జి గది రోజుకు 2,600 రూపాయలు. గదులు శుభ్రంగా ఉన్నాయి, నీళ్లకు కొదవ లేదు, అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. అక్కడి గుమస్తా పరిచయం చేసిన కారు ఏజెంటు గురించి మాత్రం చాలా ఉంది.

మర్నాడు రోజంతా కారుకు 3,200 రూపాయలకు మాట్లాడుకున్నాము. 1,500 బయానా తీసుకుని, రెండు సైన్స్ మ్యూజియంల పేర్లూ కాగితం మీద తన చేత్తోనే రాసి ఇచ్చాడు. ఆ మర్నాడు సోమవారం. కారు కదిలిన పది నిమిషాలకే డ్రైవరు వెనక్కి తిరిగి, సోమవారం నాడు కలకత్తాలో మ్యూజియంలన్నీ బంద్ అని చల్లగా చెప్పాడు. ఏజెంటుకు ఫోను చేస్తే అతనూ అదే పాట పాడాడు. ఈ అబద్ధంలో సగం నిజం ఉండడమే దాని బలం: ఇండియన్ మ్యూజియానికీ, విక్టోరియా మెమోరియల్ లోపలి గ్యాలరీలకూ సోమవారం సెలవే. ఆ సంగతి ముందే చదివి ఉన్నాము కనుక మేమూ నమ్మాము. పది గంటలకల్లా గరియాహాట్‌లో ఒక చీరల దుకాణం ముందు కారు ఆగింది. లోపల తెల్లటి పరుపుల మీద మమ్మల్ని కూర్చోబెట్టి, అడగకుండానే టీ ఇచ్చి, తాంత్ అనే బెంగాలీ నేత చీరలు ఒకటి మీద ఒకటి విప్పి పరిచారు. నా భార్య మొహమాటానికి 1,850 పెట్టి ఒక చీర తీసుకుంది. అలాంటిదే రెండు రోజుల తరువాత పక్క వీధి బజారులో 1,200కు కనిపించినప్పుడు ఆమె ముఖం ఎలా ఉండిందో నేను వర్ణించను. బావగారు మాత్రం దుకాణం మెట్ల మీదే కూర్చుని, ఆ డ్రైవరుకు ఇక్కడ ఎంత ముడుతుందో లెక్కలు వేస్తూ గడిపారు.

మమ్మల్ని గట్టెక్కించింది మా అమ్మాయి. చీరల మధ్య విసుగెత్తి ఫోనులో ఆ మ్యూజియం వారి సమాచారం వెదికి, సోమవారం సెలవు లేదని తేల్చింది. డ్రైవరుకు చూపిస్తే అది పాత సమాచారమన్నాడు. అక్కడితో బావగారి ఓపిక నశించింది. సామాను దింపించి, మిగతా 1,700 ఇవ్వమని ఏజెంటు ఫోనులో అరుస్తుంటే, తిరిగిన దూరానికి 700 చాలునని డ్రైవరు చేతిలో పెట్టి, ఆ కారును పంపించేశారు. దారిన పోయే పసుపు టాక్సీని ఆపి ఎక్కితే 120 రూపాయలకు గురుసదయ్ రోడ్డులో దింపాడు. గేటు బార్లా తెరిచి ఉంది; ఏదో బడి పిల్లలు రెండు వరుసల్లో లోపలికి నడుస్తున్నారు. లోపలి నమూనా బొగ్గుగనితో సహా మా నలుగురి టికెట్లూ కలిపినా ఆ కారు కిరాయిలో ఐదో వంతు కాలేదు.

ఈ మ్యూజియం ఉన్న భవనం ఒకప్పుడు ఠాగూర్ల కుటుంబానిది. దాన్ని కొన్న ఘనశ్యామ్ దాస్ బిర్లా తరువాత దేశానికి ఇచ్చేశారు. 1959 మే 2న ఇక్కడ మ్యూజియం తెరిచారు. మన దేశంలో ప్రభుత్వం ఈ తరహాలో నెలకొల్పిన సైన్స్ మ్యూజియంలకు ఇదే మొదలు. బెంగళూరు, ముంబై, ఢిల్లీ కేంద్రాలు దీని తరువాతివే. 1965లో ప్రదర్శన వస్తువులను బస్సులో పెట్టుకుని పల్లెటూరి బడులకు తిప్పే పద్ధతిని మొదలుపెట్టింది కూడా ఇక్కడివారే. ఆవిరి యంత్రాలు, పాతకాలపు మోటారు కార్లు, విద్యుత్తు, లోహాల గ్యాలరీలు అన్నీ చూడదగినవే. అయితే ఒక్క పూటే ఉన్నవారు వాటిని చకచకా దాటుకుంటూ నేల కింద నిర్మించిన నమూనా బొగ్గుగనికి టికెట్టు తీసుకోవాలి. దానికి టికెట్టు వేరు, జట్లు జట్లుగా పంపుతారు. కాబట్టి గేటులో అడుగు పెట్టగానే ముందు ఆ వేళలు కనుక్కోవడం మంచిది.

బావగారు మొదట రానన్నారు. “ముప్పై ఏళ్లు జీతం తీసుకుని బాయి దిగినోణ్ని, ఇప్పుడు టికెట్టు కొని దిగాల్నా?” అని బయట బల్ల మీద కూలబడ్డారు. “మామయ్యా, నువ్వు రాకపోతే నాకెవరు చెప్తారు?” అని మా అమ్మాయి చేయి పట్టి లాగితే తప్ప లేవలేదు. కిందికి దిగి, తక్కువ ఎత్తు సొరంగంలోకి వంగి అడుగు పెట్టిన మరుక్షణం ఆయన నడకే మారిపోయింది. గైడు హిందీలోనూ బంగ్లాలోనూ చెప్పుకుపోతున్నాడు. మా అమ్మాయి చెవిలో బావగారి తెలుగు వ్యాఖ్యానం మొదలైంది. కాసేపటికి గైడే ఆగి, మీరు ఏ గనిలో పనిచేశారని అడిగాడు. సింగరేణి అని తెలిశాక, మిగతా దారంతా ఆ కుర్రవాడు చెప్పవలసింది చెప్పి ఆయన వైపు చూడడం, ఆయన వచ్చీరాని హిందీలో దానికి పొడిగింపు చేర్చడం, జట్టులోని బడి పిల్లలు నోళ్లు తెరుచుకుని వినడం జరిగింది.

ఆయన చెప్పిన వాటిలో నాకు కొత్తవి చాలా ఉన్నాయి. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో బొగ్గునంతా ఒకేసారి తీయరు. పైకప్పును మోయడానికి పెద్ద పెద్ద స్తంభాలుగా కొంత బొగ్గును వదిలి, వాటి మధ్య దారులు తొలుచుకుంటూ పోయి, ఆఖరున ఆ స్తంభాలను ఒక క్రమంలో తీస్తూ వెనక్కి వస్తారు. గనిలో అత్యంత ప్రమాదకరమైన పని అదేనట. లాంగ్‌వాల్ పద్ధతిలో పొడవైన బొగ్గు గోడను యంత్రం చెక్కుతూ పోతుంటే, హైడ్రాలిక్ ఆధారాలు మనుషుల మీది కప్పును మోస్తూ ముందుకు జరుగుతాయి. వెనక ఖాళీ అయిన చోట కప్పును కూలనిస్తారు. రామగుండం ప్రాంతంలోని అడ్రియాల గని ఈ రెండో రకానిది. కప్పు భద్రంగా ఉందో లేదో తెలుసుకోవడానికి కర్రతో తట్టి వినడం పాతకాలపు పద్ధతి అయినా, చెవి తెలిసినవాడు దాన్ని ఎన్నడూ మానడట: ఖణేల్‌మని పలికితే ఫరవాలేదు, డొల్లగా పలికితే ఆ కింద నిలబడకూడదు.

గనిలో వాడే దీపం దగ్గర ఆయన ఎక్కువసేపు నిలబెట్టారు. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన ఈ దీపంలో మంట చుట్టూ సన్నని తీగల వల ఉంటుంది. వల వేడిని లాగేసుకోవడం వల్ల లోపలి మంట బయటి వాయువుకు అంటుకోదు. గాలిలో మండే స్వభావమున్న మీథేన్ వాయువు చేరితే మంట మీద నీలిరంగు టోపీలా ఒక పొర లేస్తుంది, దాని ఎత్తును బట్టి ఎంత వాయువు ఉందో అంచనా వేస్తారు. ప్రాణవాయువు తగ్గితే దీపం కునికి ఆరిపోతుంది. వెలుగు కోసం పుట్టిన దీపం, తలకు కట్టుకునే బ్యాటరీ దీపాలు వచ్చాక కూడా వాయువును పట్టే పరికరంగా గనుల్లో నిలిచిపోయిందన్నమాట. ఇంతలో ఒక పిల్లవాడు గనిలో గోడలన్నీ నల్లగా ఉంటాయా అని అడిగాడు. నిజమైన గనిలో నడిచే దారుల గోడల మీద సున్నపురాయి పొడి చల్లుతారనీ, అందువల్ల అవి తెల్లగా కనిపిస్తాయనీ, బొగ్గు ధూళి గాలిలో లేచి మంట అందుకుంటే ఈ పొడి దానితో కలిసి వేడిని పీల్చి పేలుడును ఆపుతుందనీ బావగారు చెప్పారు. బొగ్గుగని అంటే తెల్లటి గోడలని మేమెవరం ఊహించి ఉండము.

పైకి వచ్చాక మధ్యాహ్నం రెండయింది. దగ్గరలోని ఒక చిన్న భోజనశాలలో 160 రూపాయలకు అన్నం, పప్పు, ఆలూ పోస్తో, ఒక చేప ముక్క పెట్టారు. పోస్తో అంటే గసగసాలు. మనం మసాలాలో చెంచాడు వేసి సరిపెట్టే గసగసాలను వాళ్లు గుప్పెళ్లతో నూరి బంగాళాదుంపలకు పట్టిస్తారు. పొద్దుటి నుంచి ముభావంగా ఉన్న నా భార్య రెండోసారి వడ్డించుకుంది, దానితో చీర ప్రస్తావన ఆ పూటకు ఆగింది. బొగ్గు ఎత్తి నింపే కోల్‌ఫిల్లరుగా తట్టా చెమ్మస్ (పార) పట్టి, పరీక్షలు రాసి, జట్టు భద్రత చూసే మైనింగ్ సర్దారై, ఆపైన ఓవర్‌మ్యాన్ అయిన కథను బావగారు మా అమ్మాయికి మొదటిసారి పూర్తిగా చెప్పింది కూడా ఆ బల్ల దగ్గరే.

మర్నాడు సైన్స్ సిటీకి వెళ్లాము. 1997 జులై 1న ప్రధాని ఐ.కె. గుజ్రాల్ ప్రారంభించిన ఈ ప్రాంగణం చాలా పెద్దది. రోప్‌వే, అంతరిక్ష థియేటరు, జీవపరిణామాన్ని చూపే డైనోసార్లు, మెలికలు తిరిగే దారిలో కిందికి దిగుతూ చూసే డైనమోషన్ హాలు, సీతాకోకచిలుకల తోట, వీటన్నిటితో పిల్లలకు పండుగే. లోపల చాలా ప్రదర్శనలకు విడివిడిగా టికెట్లు ఉంటాయి కనుక, అన్నీ కొనేయకుండా డైనమోషన్ హాలుకూ అంతరిక్ష థియేటరుకూ సమయం కేటాయించుకుంటే చాలు. మా అమ్మాయి దీనికే ఎక్కువ మార్కులు వేసింది. నేను వేయను. ఇక్కడ ఒళ్లు మరచి తిరగవచ్చు, కానీ ఒక వస్తువు దగ్గర నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడుకునే అవకాశం గురుసదయ్ రోడ్డులోనే ఎక్కువ.

ఇతర నగరాల వాటితో పోల్చి చెప్పమంటే, బెంగళూరు కబ్బన్ పార్కు పక్కనున్న విశ్వేశ్వరయ్య మ్యూజియానికి యంత్రాల విషయంలో మొదటి స్థానం ఇస్తాను. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదుకు రక్షణ పథకం రచించిన ఆ ఇంజనీరు 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన పేరిట కట్టిన ఈ భవనాన్ని నెహ్రూ అదే ఏడాది జులై 14న ప్రారంభించారు. అక్కడి ఇంజిన్ల హాలు, రైట్ సోదరుల విమానానికి చేసిన పూర్తి పరిమాణపు నమూనా చూడడానికి పూట చాలదు. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఒక్కటే అక్కడికి వెళ్లడానికి చాలిన కారణం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన అనేక జంతువుల ఎముకలను కూర్చి నిలిపిన ఆ ఆకారం 44 అడుగుల పొడవుంటుంది. ప్రాణహిత, గోదావరి లోయలో దొరికిన ఆ జంతువు జురాసిక్ కాలానిదైతే, అదే లోయలో సింగరేణి తవ్వుతున్న బొగ్గు దానికంటే కోట్ల ఏళ్లు పాతది. డైనోసార్లు రాకముందే బొగ్గైన అడవులవి అని బావగారు రైలులో చెప్పేదాకా నాకు ఈ వరుస తట్టలేదు. ఇక పేరు చెప్పడం అనవసరమైన ఒక ఊరి విజ్ఞాన కేంద్రంలో సగం మీటలు నొక్కినా పలకవు, అడుగుదామంటే మనిషి ఉండడు. అలాంటి చోట్ల ఎంత గొప్ప నమూనా ఉన్నా అద్దాల బీరువాతో సమానమే.

తిరుగు ప్రయాణంలో విశాఖపట్నంలో దిగి ఆర్కే బీచిలోని కుర్సురా జలాంతర్గామిని చూశాము. సోవియట్ తయారీ అయిన ఈ నౌక 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. నౌకాదళంలో పనిచేసి విరమించినవారే లోపల గైడ్లుగా ఉంటారు. టార్పెడోల గది దగ్గర ఒకరూ బావగారూ గాలి సరిపోని ఇరుకుల్లో పని చేయడం గురించి మాట్లాడుకుంటూ మమ్మల్ని మరిచిపోయారు. ఇక్కడికి మాత్రం సోమవారం వెళ్లకండి, నిజంగానే సెలవు. గదికీ గదికీ మధ్య గుండ్రటి చిన్న ద్వారాల్లోంచి కాలు ఎత్తి, నడుము వంచి దాటాలి కనుక మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. అక్క వచ్చి ఉంటే బయట ఇసుకలో కూర్చోవలసి వచ్చేది. సాయంత్రం వరుస పెరిగిపోతుంది, మధ్యాహ్నం తెరిచే వేళకు ముందే టికెట్ల కిటికీ దగ్గర నిలబడితే లోపల గైడుతో తీరికగా మాట్లాడే వీలుంటుంది.