ఎగ్మోర్‌లో మన భిక్షుణుల పేర్లు

అమరావతి మా గుంటూరుకి గంట ప్రయాణం. కానీ అక్కడి మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం, రాళ్ళు చాలావరకు ఇప్పుడు అక్కడ లేవు. 1797లో బ్రిటిష్ అధికారి మెకంజీ ఆ దిబ్బను చూశాడు, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ తర్వాత కొన్ని రాళ్ళు లండన్ చేరాయి, కొన్ని చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో ఉండిపోయాయి. ఆ రాళ్ళ మీద దానం ఇచ్చిన ఆడవాళ్ళ పేర్లు ఉన్నాయని, వాళ్ళలో భిక్షుణులు కూడా ఉన్నారని చదివినప్పటి నుంచి ఒకసారి వెళ్ళి చూడాలని మనసులో ఉంది. పోయిన డిసెంబరులో కుదిరింది.

తెనాలిలో పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగాను. మా పిన్ని స్టేషన్‌కి వచ్చింది. పిన్నిది విల్లివాక్కం, పెళ్ళై వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది, తమిళం అక్కడివాళ్ళలాగే మాట్లాడుతుంది. రెండు రాత్రులు ఎగ్మోర్‌లోనే ఉందాం, ఆ తర్వాత ఇంటికెళ్దాం అని ముందే అనుకున్నాం. మేం చూడాలనుకున్న బౌద్ధ విహారం, మ్యూజియం రెండూ అక్కడే నడిచే దూరంలో ఉంటాయి. పైగా డిసెంబరు వానల్లో రోజూ విల్లివాక్కం నుంచి వచ్చి పోవడం కష్టం.

బస సంగతి ముందు చెప్పాలి, ఆడవాళ్ళు విడిగా వెళ్తే పనికొస్తుంది. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఆన్‌లైన్‌లో రూమ్ బుక్ చేశాను, డబ్బు కూడా కట్టేశాను. కౌంటర్ దగ్గర ఇద్దరి ఆధార్ కార్డులు ఇచ్చాం. పిన్ని కార్డు మీద చెన్నై అడ్రస్ చూసి, లోకల్ ఐడీ ఉన్నవాళ్ళకి రూమ్ ఇవ్వం అన్నాడు. మరి నాది గుంటూరు కదా అంటే, "మీతో మగవాళ్ళెవరూ రాలేదా?" అని అడిగాడు. పిన్నికి అరవై రెండేళ్ళు. ఆ వయసులో, సొంత ఊళ్ళో, వానలో సామానుతో గుమ్మం ముందు నిలబడి తను ఎవరో, ఎందుకొచ్చిందో చెప్పుకోవాల్సి వచ్చింది. డబ్బు తిరిగి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఇంకో సందులో ఒక చిన్న లాడ్జి దొరికింది. కౌంటర్‌లో ఒకావిడ కూర్చుని ఉంది. లోకల్ కార్డు చూసి కూడా ఏమీ అనలేదు, రిజిస్టర్‌లో మా ఇద్దరి పేర్లూ రాసుకుని తాళం ఇచ్చింది. రోజుకి రూ.1,900. వేడినీళ్ళు పొద్దున ఎనిమిది దాకే. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, తలుపు గడియ గట్టిగా ఉంది. మాకు అది చాలు. మీరు వెళ్ళేటప్పుడు బుక్ చేసే ముందే ఫోన్ చేసి, లోకల్ ఐడీకి రూమ్ ఇస్తారా, ఆడవాళ్ళే వస్తే ఇబ్బంది ఉందా అని రెండు ప్రశ్నలు అడగండి. ఈ టెన్షన్ మీకు వద్దు.

ఆ సాయంత్రం కెన్నెట్ లేన్‌లోని మహాబోధి సొసైటీ విహారానికి వెళ్ళాం. ఎగ్మోర్ స్టేషన్ ఎదురు సందే. టికెట్ లేదు, ఎవరినీ ఏమీ అడగరు, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు. శ్రీలంక నుంచి బుద్ధగయకి వెళ్ళే యాత్రికులు దిగే చోటు అది. మేం వెళ్ళింది పౌర్ణమి నాడు. డిసెంబరు పౌర్ణమిని శ్రీలంకలో ఉందువప్ పోయ అంటారు. అశోకుడి కూతురు సంఘమిత్త బోధివృక్షం కొమ్మ తీసుకుని ఆ ద్వీపానికి వెళ్ళిన రోజుగా జరుపుకుంటారు. కొమ్మతో పాటు ఆమె భిక్షుణీ సంఘాన్ని కూడా తీసుకెళ్ళి అక్కడ నాటింది. తెల్లచీరల్లో పాతికమంది దాకా ఆడవాళ్ళు మట్టి ప్రమిదల్లో కొబ్బరినూనె పోసి దీపాలు పెడుతున్నారు. పిన్ని కూడా వాళ్ళ పక్కన కూర్చుని వత్తులు వేసింది. కార్తీక దీపాలు పెట్టిన చేయి కదా, వాళ్ళకంటే తొందరగా వేసింది.

వాళ్ళతో ఒక పెద్దావిడ ఉన్నారు. గుండు, పసుపు రంగు వస్త్రం, డెబ్భై దాటి ఉంటాయి. ఇరవై ఏళ్ళు కూడా ఉండవనిపించే ఒక కుర్ర భిక్షువు లోపలికి రాగానే ఆవిడ మోకాళ్ళ మీదికి వంగి నుదురు నేలకి ఆనించి దండం పెట్టారు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి లేచేటప్పుడు ఒక చెయ్యి నేల మీద ఆనించి, కాసేపు అలాగే ఆగి, ఊపిరి తీసుకుని లేచారు. పిన్ని నా మోచేయి పట్టుకుంది. "ఆవిడ వయసెంత, ఆ పిల్లాడి వయసెంత!" అంది.

బౌద్ధంలో ఆడవాళ్ళ కథ మొదలయ్యేదే అక్కడ. బుద్ధుణ్ణి పెంచిన పినతల్లి మహాప్రజాపతి గౌతమి, సన్యాసం ఇమ్మని కపిలవస్తులో మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ కాదన్నాడు. ఆవిడ జుట్టు తీయించుకుని, కాషాయం కట్టుకుని, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని వైశాలి దాకా నడిచింది. వాచిన కాళ్ళతో, ఒళ్ళంతా దుమ్ముతో ద్వారం బయట నిలబడి ఏడుస్తుంటే ఆనందుడు చూసి ఆమె తరఫున అడిగాడు. స్త్రీలు కూడా అర్హత్వం, అంటే పూర్తి విముక్తి, పొందగలరా అని అడిగితే పొందగలరన్నాడు బుద్ధుడు. అనుమతి ఇచ్చాడు, గురుధర్మాలు అనే ఎనిమిది షరతుల మీద. అందులో మొదటిది: వందేళ్ళుగా భిక్షుణిగా ఉన్నా సరే, ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్షువుకి ఆమె లేచి నమస్కరించాలి. గౌతమి తర్వాత ఆనందుడి ద్వారా మళ్ళీ అడిగించింది, వందనాలు మగా ఆడా అని కాకుండా దీక్షలో పెద్దాచిన్నా చూసి చేసుకునేలా చేయమని. ఒప్పుకోలేదు. ఆ రెండోసారి అడగడం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నాకు గౌతమి మీద గౌరవం పెరిగింది అక్కడే. ద్వారం తెరుచుకున్నాక కూడా అడగడం మానలేదు ఆవిడ.

పూజ అయ్యాక పిన్ని ఆవిడ దగ్గర కూర్చుంది. గుంపులో ఒకమ్మాయికి తమిళం వచ్చు. పిన్ని తమిళంలో అడిగితే ఆ అమ్మాయి సింహళంలో చెప్పింది. ఆవిడ భిక్షుణి కాదట, దస సిల్ మాత, అంటే పది శీలాలు పాటించే అమ్మ. శ్రీలంకలో భిక్షుణీ పరంపర 11వ శతాబ్దం ప్రాంతంలో తెగిపోయింది. శ్రీలంకలో పాటించే థేరవాద బౌద్ధంలో భిక్షుణి దీక్షకి భిక్షువులూ భిక్షుణులూ ఇద్దరూ ఉండాలి. భిక్షుణులే లేకపోతే కొత్తవాళ్ళకి దీక్ష ఎవరిస్తారు? అలా తొమ్మిది వందల ఏళ్ళు గడిచాయి. అయితే 433 ప్రాంతంలో సింహళ భిక్షుణులే చైనా వెళ్ళి అక్కడ దీక్షలు ఇచ్చి ఉన్నారు. ఆ తూర్పు దేశాల పరంపర సాయంతోనే 1996లో సారనాథ్‌లో, 1998లో బుద్ధగయలో శ్రీలంక స్త్రీలకు మళ్ళీ దీక్షలు జరిగాయి. సంఘమిత్త తీసుకెళ్ళిన మొక్క ఎండిపోతే, దాని అంటు దూరంగా ఎక్కడో బతికి ఉండి తిరిగొచ్చినట్టు. ఆ దీక్షలను ఇప్పటికీ ఒప్పుకోని భిక్షువులు చాలామంది ఉన్నారు.

"మరి మీరు తీసుకోలేదేం?" అని పిన్ని అడిగింది.

"నేను ఇల్లు విడిచిన రోజుల్లో ఆ దారి లేదు. ఇప్పుడుంది. నలభై ఏళ్ళు ఈ పదింటితోనే బతికాను, నాకివి చాలు. మా చెల్లెలి కూతురు తీసుకుంది. తనకి నేను దండం పెడతాను" అన్నారావిడ. చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖం విచ్చుకుంది.

మర్నాడు మ్యూజియం. శుక్రవారం సెలవు, అది చూసుకుని వెళ్ళండి. పాంథియాన్ రోడ్డు మీద ఉంది. ఆవరణ పెద్దది, ఒక్క పూటలో అన్నీ చూడాలనుకోవద్దు. కంచు విగ్రహాల గ్యాలరీలో నాగపట్టణం బుద్ధులున్నారు, వాటికి ఒక అరగంట. అమరావతి శిల్పాలకి మాత్రం కనీసం మూడు గంటలు పెట్టుకోండి. నాలుగైనా పెట్టొచ్చు. మేం తెరవగానే వెళ్ళాం కాబట్టి తొలి గంట దాదాపు మేమిద్దరమే ఉన్నాం.

ముందు నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన గుండ్రటి శిల్పం దగ్గర ఆగాం. ఎడమవైపు ఏనుగు మదమెక్కి వీధిలో పడి జనాన్ని తొక్కుతుంటుంది, కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. పైన మేడ కిటికీల్లోంచి తొంగిచూసే ముఖాలు, భయంతో పక్కవాణ్ణి పట్టుకున్న ఆడమనిషి. పల్నాటి సున్నపురాయిలో ఆ భయం నిన్న జరిగినట్టుంది. కానీ నేను వెళ్ళింది బొమ్మల కోసం కాదు, అక్షరాల కోసం.

వెళ్ళే ముందు వారం రోజులు కూర్చుని బ్రాహ్మీ అక్షరాలు కొన్ని నేర్చుకున్నాను. అన్నీ అక్కర్లేదు, రెండు చాలు. "న" తలకిందులు చేసిన ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది, అడ్డగీత మీద నిలువుగీత. దాని పక్కన సున్నా బదులు చిన్న చుక్క. దాని ముందు వంకర తిరిగిన "ద", నెత్తిన చిన్న అడ్డగీతతో "దా". దానం. దాత ఎవరైనా, ఊరు ఏదైనా, చాలా శాసనాలు ఆ మాటతోనే ముగుస్తాయి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్‌కి బ్రాహ్మీ లిపి గుట్టు విప్పింది కూడా సాంచీ రాళ్ళ మీది ఈ మాటే. ఒక విరిగిన రాతి అంచున ఆ చుక్క కనపడగానే పిన్నిని పిలిచి చూపించాను. పిన్ని కళ్ళజోడు సవరించుకుని, రాయికి తగలకుండా గాలిలో వేలితో ఆ రెండక్షరాలూ రాసింది. "దానం" అని పైకి చదివింది. రెండు వేల ఏళ్ళ నాటి మాట, అర్థం కూడా మారలేదు.

పండితులు చదివిపెట్టిన అమరావతి శాసనాల్లో ఉపాసికలున్నారు, అంటే ఇంట్లో ఉంటూనే బౌద్ధం పాటించే ఆడవాళ్ళు, గృహిణులున్నారు, భిక్షుణులున్నారు. బుధరఖిత అనే భిక్షుణి ఉంది. ఆమె గురువు పేరు కూడా బుధరఖితే, చైత్యం పనులు చూసే నవకమ్మికుడు. కూతుళ్ళతో కలిసి దానం ఇచ్చిన భిక్షుణులున్నారు. అంటే ఇల్లు విడిచినా బిడ్డలను విడవలేదు, ఆ సంబంధం దాచనూ లేదు, రాతి మీద రాయించుకున్నారు. ఉపఝాయిని అనే మాట ఉంది, అంటే దీక్ష ఇచ్చి శిష్యురాళ్ళను తయారుచేసే గురువమ్మ. అంతేవాసిని అంటే ఆమె శిష్యురాలు. గురుధర్మాలు చదివితే స్త్రీ ఎప్పుడూ ద్వారం బయటే నిలబడి ఉన్నట్టుంటుంది. కృష్ణ ఒడ్డున మాత్రం ఆమె పాఠం చెప్పింది, శిష్యులను పెంచింది, స్తూపానికి రాయి ఇచ్చింది, తన పేరు చెక్కించుకుంది. నాగార్జునకొండలోనూ అంతే. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేస్తే, అతని సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. ముందురోజు రాత్రి విహారంలో సింహళం విన్న నాకు, ఆ సంగతి గుర్తొచ్చి గొంతు పట్టేసింది. ఆ రాకపోకలు మన గడ్డ మీద అప్పటి నుంచే ఉన్నాయి.

గ్యాలరీకి వెళ్ళేవాళ్ళు దయచేసి ఈ పేర్లు చదువుకుని వెళ్ళండి. చదవకుండా వెళ్తే అందమైన బొమ్మలు చూసి వస్తారు, చదివి వెళ్తే మనవాళ్ళను చూసి వస్తారు.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. అడయారులో దివ్యజ్ఞాన సమాజం తోటలో చిన్న బౌద్ధ మందిరం ఉంది. సందర్శన వేళలు తక్కువ, ఆదివారం ఉండదు, కనుక్కుని వెళ్ళాలి. ప్రశాంతమైన చోటు. 1880లో శ్రీలంకలోని గాలెలో పంచశీలం తీసుకుని బౌద్ధులైన ఆల్కాట్, బ్లావట్‌స్కీ దాని స్థాపకుల్లో ఉన్నారు కాబట్టి మాకు వెళ్ళాలనిపించింది. కాంచీపురం మాత్రం ఒక రోజు కారు ఖర్చుకి తగ్గ ఫలితం ఇవ్వలేదు. తమిళ కావ్యనాయిక మణిమేఖల చివరికి ధర్మం విని దీక్ష తీసుకున్న ఊరు అది. ఆ కథ మనసులో పెట్టుకుని వెళ్ళాం గానీ, కారు అతను బౌద్ధం అనగానే అక్కడ ఏమీ లేదు అంటూ మమ్మల్ని రెండు చీరల షాపుల ముందు దింపాడు. వెళ్ళేవాళ్ళు సబర్బన్ రైలులో వెళ్ళి అక్కడ ఆటో మాట్లాడుకోవడం నయం.

మూడో రోజు విల్లివాక్కం. పిన్ని అన్నం వండుతోంది. కుక్కర్ ఉన్నా గిన్నెలోనే వారుస్తుంది. గరిటెతో నాలుగు మెతుకులు తీసి, ఒకటి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి నొక్కింది. అప్పుడు నేను సోమ గురించి చెప్పాను. సోమ అనే భిక్షుణి అడవిలో ధ్యానానికి కూర్చుంటే, ధ్యానం చెడగొట్టే మారుడు వచ్చి, ఋషులు అందుకునే ఆ స్థానం రెండువేళ్ళ తెలివి ఉన్న ఆడదానికి అందదు అన్నాడట. రెండువేళ్ళ తెలివి అంటే అన్నం ఉడికిందో లేదో రెండువేళ్ళతో నొక్కి చూసే తెలివి అని వ్యాఖ్యాతలు చెప్తారు. మనసు చక్కగా కుదిరి, జ్ఞానం సాగుతున్నప్పుడు ఆడతనం ఏం అడ్డు, నేను ఆడదాన్ననో మగవాణ్ణనో అనుకునేవాళ్ళ దగ్గరికి పో, అంది సోమ. ఇలాంటి డెబ్భై మూడు కవితలు థేరీల, అంటే పెద్ద భిక్షుణుల గొంతులోంచి పాలిలో మిగిలాయి. రోలు నుంచి, రోకలి నుంచి, గూని మొగుడి నుంచి విడుదలయ్యానని పాడిన ముత్త కూడా అందులోనే ఉంది.

పిన్ని ఆ మెతుకును వేళ్ళ మధ్యే పట్టుకుని విన్నది. "రెండువేళ్ళతో కూడా తెలియాలంటే ఎంత వండాలో వాడికేం తెలుసు" అంది. స్టవ్ ఆపి గంజి వార్చింది.

సంక్రాంతికి గుంటూరు వస్తానంది. అమరావతి తీసుకెళ్ళమంది, అక్కడి మ్యూజియంలో కూడా రాళ్ళున్నాయి కదా, "దానం" తనే వెతుకుతానంది. నేను రైలెక్కేటప్పుడు ఒక కాగితం చూపించింది. కరెంటు బిల్లు వెనకాల పెన్సిల్‌తో ఆ రెండక్షరాలూ పది పన్నెండుసార్లు రాసుకుంది. చివరి వరసలో వాటి ముందు తన పేరు రాయబోయి ఆగింది. తన పేరులోని అక్షరాలు బ్రాహ్మీలో ఎలా ఉంటాయో పంపమంది. ఆ రాత్రే గూడూరు దాటాక ఫోన్‌లో పంపాను.